మంచం మీద ఉన్నవారి కోసం, మంచం పక్కన ఉన్నవారి కోసం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ మీద ఉన్నాయి. ఇంట్లో ఒకరు మంచాన పడ్డారు, ప్రార్థన చేస్తున్నాం, నయం కావడం లేదు, చూసుకునే మాకు ఓపిక అయిపోతోంది, దేవుని దగ్గర ఏమని అడగాలో కూడా తెలియడం లేదు అని. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈ పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు. నేను చాలా ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేశాను, ఇప్పుడు సంఘంలో స్త్రీల కూడిక చూసుకుంటున్నాను, కాబట్టి వాక్యం, వైద్యం రెండూ కలిపే మాట్లాడతాను. సంఘ పెద్దలు, పాస్టర్ అయ్యగార్లు కూడా ఈ పేజీ చదువుతారు, వాళ్లకు కూడా ఇందులో కొన్ని మాటలున్నాయి.

ప్రశ్న: వందనాలు అక్కా. మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట కూడా స్పష్టంగా రాదు. తినిపించడం, ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం అన్నీ నేనే. మా ఆయన లారీ మీద పోతాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. మా యారాలు (తోటికోడలు) హైదరాబాద్‌లో ఉంటుంది, క్రిస్మస్‌కు వచ్చి రెండు రోజులుండి పోతుంది. మొన్న ఒక రాత్రి మూడోసారి బట్టలు మార్చి ప్రార్థనకు కూర్చుంటే నా నోటి నుంచి "ప్రభువా, ఈమెను తీసుకుపో, లేకపోతే నన్నన్నా తీసుకుపో" అని వచ్చేసింది. అప్పటి నుంచి మోకాళ్లేయాలంటే భయమవుతోంది. పోయిన ఆదివారం చర్చిలో ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) కూడా తీసుకోలేదు. నాకు క్షమాపణ ఉందా?
(ఒక సోదరి, దేవరకొండ ప్రాంతం)

జవాబు: చెల్లీ, వచ్చే ఆదివారం బల్ల తీసుకో. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది మాట్లాడతాను.

నువ్వన్న మాట నీకంటే ముందు మోషే అన్నాడు. సంఖ్యాకాండము 11వ అధ్యాయం తీసి 11 నుంచి 17వ వచనం వరకు చదువు. ఈ జనాన్నంతా నేను కన్నానా, పాలు తాగే బిడ్డను ఎత్తుకున్నట్టు వీళ్లను రొమ్మున పెట్టుకుని మోయమంటున్నావు, నేనొక్కడినే మోయలేను, ఇట్లాగే ఉంచుతానంటే నన్ను చంపెయ్ అని దేవుని ముఖం మీదే అన్నాడు. దేవుడు ఆయన మీద కోప్పడలేదు, విశ్వాసం తగ్గిందని నిలదీయలేదు, ఇంకా గట్టిగా ప్రార్థించమని కూడా చెప్పలేదు. డెబ్బై మంది పెద్దల్ని పోగు చెయ్యి, నీ మీదున్న ఆత్మలో కొంత వాళ్ల మీద ఉంచుతాను, నువ్వొక్కడివే మోయకుండా వాళ్లు నీతో కలిసి ఈ భారం మోస్తారు అన్నాడు. చావు కావాలని అడిగిన ప్రార్థనకు దేవుడిచ్చిన జవాబు సాయానికి మనుషులు. ఏలీయా కూడా అంతే, 1 రాజులు 19లో బదరీ చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసుకో అన్నాడు, దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారి లేపినప్పుడు కూడా లేచి తిను అనే అన్నాడు. దేవుడు ఆయనతో అసలు విషయం మాట్లాడింది తిండి, నిద్ర అయిపోయి, ఆయన హోరేబు కొండకు చేరిన తర్వాతే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు అత్తమ్మ మీద ద్వేషం ఉన్నట్టు ఒక్క ముక్క కూడా కనపడలేదు. రెండేళ్లుగా సరైన నిద్ర లేని మనిషి కనపడింది. కీర్తనల్లో 88వది చూడు, అది చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి లేదు, సాక్ష్యం లేదు, అయినా దాన్ని దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. అలాంటి ప్రార్థన వినడం ఆయనకు అలవాటే.

ఇప్పుడు ఆ డెబ్బై మందిలో నీకెవరు దొరుకుతారో చూద్దాం. మొదటివాడు నీ భర్త. ఆమె ఆయన తల్లి. లారీ దిగి వచ్చిన రోజు ఆయనకూ అలసట ఉంటుంది, నిజమే, అయినా ఇంట్లో ఉన్న రాత్రుల్లో ఒక రాత్రి ఆయనే లేవాలి, ఆ రాత్రి నువ్వు వేరే గదిలోనో పక్కింట్లోనో పడుకోవాలి. తల్లికి ఇలాంటి సేవ మగపిల్లలు ఎట్లా చేస్తారు అనే మాట మన ఇళ్లల్లో చాలామంది అంటారు. సిలువ మీద ప్రాణం పోతున్నప్పుడు కూడా యేసు ప్రభువు తన తల్లిని ఎవరు చూసుకోవాలో ఏర్పాటు చేశాడు (యోహాను 19:26, 27), ఆ బాధ్యత అప్పగించింది ఒక మగవాడికే. ఇక యారాలు. ఆమెకు ఫోన్ చేసినప్పుడు ప్రార్థన చెయ్యి అని చెప్పి ఊరుకోకు. నెలకు ఒక వారం వచ్చి అత్తమ్మ దగ్గర ఉంటావా, లేకపోతే ఒక ఆయమ్మను పెట్టుకోవడానికి నెలనెలా డబ్బు పంపుతావా, రెండింట్లో నీకేది వీలో చెప్పు అని అడుగు. కోపంగా అడగకు, మొహమాటపడి మానకు. తల్లిదండ్రుల పోషణ మీద 2007లో వచ్చిన చట్టం కూడా పిల్లలందరికీ వర్తిస్తుంది, ఊళ్లో ఉన్న కొడుకు ఒక్కడికే కాదు. అంతవరకు పోవాల్సిన అవసరం మీకు రాకూడదనే కోరుకుంటున్నాను.

నర్సుగా కొన్ని సంగతులు. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, చర్మం ఎర్రబడి ఒత్తినా రంగు మారకపోతే అదే మొదలు. గాలి పరుపు అంటారు, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అది ఉంటే నీకు రాత్రి కొంత తేలిక. పడుకోబెట్టి జావ పోయకు, మింగడం సరిగా రానివాళ్లకు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది, దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తినిపించు, తిన్నాక అరగంట అట్లాగే ఉంచు. వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ (సదరం) తీసుకోకపోతే తీసుకోండి, దివ్యాంగుల పింఛను డైపర్లకైనా పనికొస్తుంది. ఇంకొకటి, చచ్చిపోవాలనే ఆలోచన నీకు పదేపదే వస్తుంటే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బులుండవు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. అట్లా ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.

మాటలు రాని రాత్రి ఇది చదువుకో: "ప్రభువా, అత్తమ్మ ఒళ్లు నీకు తెలుసు, నా ఒళ్లూ నీకు తెలుసు. ఆమె నోరు తిరగక చెప్పలేని మాట విను, నేను సిగ్గుపడి చెప్పని మాట కూడా విను. ఈ రాత్రి ఆమెకు నొప్పి లేకుండా చెయ్యి, నాకు కొంచెం నిద్ర ఇవ్వు. రేపు ఎవరో ఒకరిని పంపు. యేసు నామంలో అడుగుతున్నాను, ఆమెన్." అది కూడా చదవలేకపోతే ఊరికే మంచం పక్కన కూర్చో. మాటలకందని మూలుగులతో ఆత్మే మన కోసం విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది, అది నీలాంటివాళ్ల కోసమే ఉంది.

ఇక్కడ సంఘాలకు ఒక మాట. మంచాన పడ్డవాళ్ల ఇంటికి పదిమంది కలిసి ప్రార్థనకు వెళ్తాం. పాట పాడి, వాక్యం చెప్పి, తల మీద చేతులుంచి ప్రార్థిస్తాం. ఆ గంటసేపూ ఆ ఇంటి కోడలు వంటింట్లో టీ పెడుతూనే ఉంటుంది. ప్రార్థనలో ఆమె పేరు రాదు, వచ్చినా "సేవ చేస్తున్న ఈ బిడ్డకు ఓపిక దయచేయండి" అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది. ఉన్న ఓపికంతా ఖర్చు పెట్టిన మనిషికి మళ్లీ ఓపికే అడుగుతున్నాం. దయచేసి టీ వద్దని గుమ్మంలోనే చెప్పండి. మీలో ఇద్దరు వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమండి, ఆమెను తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టండి, ఆమె తల మీద కూడా చేతులుంచి పేరు పెట్టి ప్రార్థించండి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే స్త్రీలలో ఇద్దరు వంతులవారీగా ఆ ఇంట్లో కూర్చుంటే ఆమె ఆ కాసేపు చర్చికి రావచ్చు, లేదా పడుకోవచ్చు. పడుకున్నా ఎవరూ తప్పు పట్టకూడదు. నిర్గమకాండము 17లో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ముందు ఆయన కూర్చోవడానికి ఒక రాయి తెచ్చి వేశారు, ఆ తర్వాతే చేతులు పట్టుకున్నారు. మనం రాయి వేయడం మరిచిపోయి చేతులు ఎత్తే ఉంచమని చెబుతున్నాం.

ప్రశ్న: నా భార్యకు రెండు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్తే అక్కడ మాట్లాడినాయన ఆమెకు నూనె రాసి, ఇక మిషన్ మీదికి పోతే అది అవిశ్వాసమే, ఉపవాసం ఉండి ప్రార్థించండి అన్నారు. ఆమె ఇప్పుడు డయాలసిస్‌కు రానంటోంది. నేను బలవంతం చేస్తే దేవునికి అడ్డుపడ్డట్టా?
(ఒక సోదరుడు, జడ్చర్ల)

జవాబు: అన్నా, ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఆమె ఒక్కటి కూడా మానకుండా ఉండాలని ప్రార్థిస్తున్నాను. ఒకవేళ మానేసి ఉంటే ఈ రోజే తీసుకెళ్లండి. కిడ్నీలు పనిచేయని ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోతాయి, నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసంతో ప్రాణం పోతుంది, పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది. దీనికి నెలలు పట్టదు, కొందరికి రోజులే చాలు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

విశ్వాసం గురించి. హిజ్కియా రాజు గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు, ఆ మాట ఇచ్చిన తర్వాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు (యెషయా 38:21). మాట ఇచ్చిన దేవుడే మందు కూడా కట్టించాడు. పౌలు తిమోతి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో ఉత్తరంలో రాశాడు, త్రోఫిమును రోగంతో ఉండగానే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు, ఇవన్నీ అపొస్తలుని మనుషులకే జరిగాయి. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు, పౌలు ఆయనను ప్రియమైన వైద్యుడనే పిలిచాడు. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకొచ్చి పైకప్పు విప్పి దించినప్పుడు యేసు చూసింది "వారి విశ్వాసము" అని ఉంది. రోగి విశ్వాసం ఎంతుందని కొలిచి చూడలేదు. మంచం మీద ఉన్న మనిషిని నీకు విశ్వాసం చాలలేదు అనడం చాలా క్రూరమైన మాట, నా వార్డులో ఆ మాట విని గోడ వైపు తిరిగి పడుకున్నవాళ్లను చూశాను.

మన పాలమూరు సంగతే చూడండి. ఇక్కడికి సువార్త తెచ్చినవాళ్లే మందుల పెట్టె కూడా తెచ్చారు. మెన్నొనైట్ బ్రదరన్ మిషను తరఫున 1907లో వచ్చిన డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్ నాగర్‌కర్నూల్‌లోనూ, తర్వాత శంషాబాద్‌లోనూ వైద్యం చేసి, ఈ నేల మీదే 1945లో కన్నుమూశారు. మీ జడ్చర్లలోనే అదే మిషను వాళ్లు 1950ల్లో ఆసుపత్రి పెట్టారు. మీ తాతల కాలంలో మన మధ్య ప్రార్థనా, సూదిమందూ ఒకే ప్రాంగణంలో ఉండేవి, వాటి మధ్య ఈ గొడవ లేదు.

నూనె విషయంలో యాకోబు 5:14లో సంఘపు పెద్దలను పిలిపించుకోమని ఉంది. పెద్దలు ఇంటికి వస్తారు, మీ గురించి తెలిసినవాళ్లు, రేపు కూడా మీ వీధిలో ఉండేవాళ్లు. సీసాకు ధర పెట్టి అమ్మడం అందులో లేదు. మీ పాస్టర్ అయ్యగారిని పిలిచి నుదుటి మీద నూనె రాసి ప్రార్థించమనండి, సంతోషంగా. మెడ దగ్గర పైపు ఉంటే దాని చుట్టుపక్కల మాత్రం నూనె, నీళ్లు ఏవీ తగలనివ్వకండి, ఇన్‌ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోతుంది. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసే ఆపరేషన్) చేసి ఉంటే చుట్టూ నిలబడి చేతులు ఉంచేవాళ్లకు ముందే చెప్పండి, ఆ చెయ్యి పట్టుకోకూడదు, నొక్కకూడదు, ఆ చేతికి బీపీ కూడా చూడకూడదు. ఉపవాసం ఆమెకు వద్దు. మీకు షుగర్ ఉంటే మీకూ వద్దు, టాబ్లెట్ వేసుకుని తినకుండా ఉంటే మీరు పడిపోతారు, తర్వాత ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరు?

ఖర్చు సంగతి అడగలేదు గానీ చెబుతాను. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది, ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ప్రభుత్వ పింఛను కూడా ఉంది, తీసుకోకపోతే అడగండి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆమెకు టికెట్ లేదు, మీ టికెట్ ఒక్కటే. అయినా పని పోగొట్టుకుని ఆసుపత్రిలో కూర్చునే రోజుల కూలి ఎవరూ ఇవ్వరు, అది నాకు తెలుసు. మీ సంఘంలో యూత్ ఉంటే వారంలో ఒక్క రోజు వాళ్లలో ఒకరు ఆమె వెంట వెళ్లమని అయ్యగారితో అడిగించండి. నాలుగు గంటలు ఆ కుర్చీలో కూర్చుని ఆమెకు ఒక కీర్తన చదివి వినిపిస్తే, మీరు ఆ రోజు పనికి పోతే, అది కూడా ప్రార్థనే అని నేను నమ్ముతాను.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా నాయినకు ఫ్లోరోసిస్. నడుము వంగిపోయింది, మెడ తిరగదు, మోకాళ్లు ముడుచుకుపోయాయి. నా చిన్నప్పటి నుంచి ప్రార్థిస్తూనే ఉన్నాం. లూకా 13లో నడుము వంగిన స్త్రీ నిటారుగా నిలబడ్డ భాగం చర్చిలో చెప్పినప్పుడల్లా ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఇంకా స్వస్థత కోసమే అడగాలా, మానాలా?
(ఒక కొడుకు)

జవాబు: బాబూ, మీ వైపు వందలాది ఇళ్లల్లో ఇదే ప్రశ్న ఉంది. మీ నేల కింద ఉన్న రాతిలోంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మీ మండలంలో, నాంపల్లి, మునుగోడు వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్ల తరబడి అవే తాగితే ఎముకలు గట్టిపడి, అతుక్కుని వంగిపోతాయి. అట్లా వంగిన ఎముకను తిరిగి నిటారు చేసే మందు వైద్యంలో లేదు. దేవునికి అసాధ్యమని నేననను. అడగడం మానమని కూడా అనను. కానీ అడిగేవాటిలో ఇంకొన్ని చేర్చండి. నొప్పి తగ్గాలని, నిద్ర పట్టాలని, ఆయన పక్కకు తిరిగి పడుకునేటప్పుడు ఎత్తే మీ నడుము దెబ్బతినకూడదని. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని మూడుసార్లు అడిగాడు, ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. ఆ జవాబు పౌలుకు ఆయన ప్రభువే చెప్పాడు. దాన్ని పక్కనున్నవాళ్లు తీసుకుని మీ నాయిన మీద విసరకూడదు, అది ఆయనకూ ప్రభువుకూ మధ్య మాట.

లూకా 13 మళ్లీ నెమ్మదిగా చదవండి. పద్దెనిమిదేళ్లు వంగిపోయి ఉన్న ఆ స్త్రీ విశ్రాంతి దినాన సమాజమందిరంలో ఉంది. బాగుపడకముందే అక్కడ ఆమెకు చోటుంది. ప్రభువు అందరి ముందూ ఆమెను అబ్రాహాము కుమార్తె అన్నాడు. మీ నాయినకు చర్చిలో గోడకు ఆనుకునే చోటు, ఆయన ఎత్తుకు సరిపోయే కుర్చీ ఉన్నాయా? ఆ భాగం మీద ప్రసంగం చేసే రోజు అయ్యగారు ముందు మీ ఇంటికొచ్చి ఆయన పక్కన కూర్చుంటే బాగుంటుంది. ఏళ్ల తరబడి నొప్పితో ఉండి కూడా విశ్వాసం విడవని మనిషి చేత సాక్ష్యం చెప్పించండి, స్వస్థత పొందినవాళ్లకు మాత్రమే మైకు ఇవ్వాలని ఎక్కడా లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మీ వైపు జబ్బు మనుషులు చేసిన ఆలస్యం వల్ల కూడా పెరిగింది. నాగార్జునసాగర్ ఉన్న జిల్లాలో మంచి నీళ్ల కోసం ఇన్ని తరాలు ఎదురుచూశాయి. 2003లో శివన్నగూడెం ఫ్లోరోసిస్ బాధితుడు అంశల స్వామిని ఢిల్లీకి మోసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందుంచారు, మార్కు సువార్తలో ఆ నలుగురు చేసింది కూడా అదే కదా. ఇప్పుడు మిషన్ భగీరథలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. నల్లా రాని రోజు పాత బోరు నీళ్లు పిల్లలకు తాగడానికీ వంటకూ వాడకండి. నీళ్లు ఆగితే గ్రామ పంచాయతీకి వెళ్లి అడగండి, ఆదివారం ప్రార్థనలో కూడా దాని గురించి అడగండి.

ప్రశ్న: మా అమ్మ క్యాన్సర్‌తో ఆగస్టులో ప్రభువు దగ్గరికి వెళ్లింది. చివరి నెలలో నేను అలసిపోయి ప్రార్థన తగ్గించాను. నా వల్లే పోయిందా?
(ఒక కూతురు, నల్లగొండ)

జవాబు: లేదమ్మా. నీ వల్ల కాదు. దేవుడు మీ అమ్మ ఆయుష్షును నువ్వు మెలకువగా ఉన్న గంటల మీద ఆధారపెట్టలేదు. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోయారు, దుఃఖం వల్ల నిద్రపోయారని లూకా (22:45) రాశాడు. ఈ ప్రశ్న మళ్లీ రాత్రి వస్తే మీ సంఘంలో భర్తనో తల్లినో పోగొట్టుకున్న పెద్దామె దగ్గరికి వెళ్లి కూర్చో.

ఇది చదివే మిగతావాళ్లకు ఒకటి చెబుతాను. క్యాన్సర్ ముదిరి నయం కాదన్న తర్వాత నొప్పి తగ్గించడానికి పాలియేటివ్ కేర్ అని ఉంటుంది, జిల్లా ఆసుపత్రిలో అడగండి, ఆలన పేరుతో ఇంటికి వచ్చి చూసే బృందం గురించి కూడా అడగండి. నొప్పి భరించడమే భక్తి అనుకుని మార్ఫిన్ వద్దనకండి.

ప్రశ్న: మా పక్కింటివాళ్లు హిందువులు. వాళ్ల బాబుకు ఫిట్స్ వస్తున్నాయి, వచ్చి ప్రార్థన చేయమని అడిగారు. వెళ్తే ఏమని చేయాలి? నయమైతే చర్చికి రావాలని ముందే చెప్పాలా?
(ఒక విశ్వాసి, సూర్యాపేట)

జవాబు: చెప్పకండి. యేసు ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేశాడు, ఒక్కడే తిరిగొచ్చాడు, మిగతా తొమ్మిది మంది ఏరీ అని అడిగాడు గానీ వాళ్ల స్వస్థత వెనక్కి తీసుకోలేదు. వాళ్లు పిలిచారు కాబట్టి వెళ్లండి, ఏ పేరున ప్రార్థిస్తున్నారో దాచకుండా, చిన్నగా, బాబు పేరు, తల్లి పేరు పెట్టి ప్రార్థించండి. దయ్యం అనే మాట ఎత్తకండి. ఫిట్స్ మాత్రలు ఒక్క పూట కూడా మానవద్దని మీరే చెప్పండి. ఫిట్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఐదు నిమిషాలు దాటితే 108 పిలవాలి. ఆ తల్లి రాత్రుళ్లు నిద్రపోతోందో లేదో కూడా అడగండి.

ప్రశ్న: అక్కా, మాది మక్తల్ దగ్గర, నేను ముంబైలో మేస్త్రీ పని చేస్తాను. అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చింది. అన్నా వదినా దగ్గర ఉంటుంది. నేను డబ్బు పంపుతాను, రోజూ రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చేసి గంటసేపు అమ్మతో ప్రార్థన చేయిస్తాను. ఈ మధ్య వదిన ఫోన్ త్వరగా పెట్టెయ్యమని విసుక్కుంటోంది. ఆమెకు భక్తి తగ్గిందా?
(ఒక తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, దూరం నుంచి అమ్మ కోసం అంత సమయం ఇస్తున్నావు, దేవుడు నిన్ను దీవించాలి. కానీ వదిన విసుగుకు భక్తితో సంబంధం లేదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు పొద్దుగూకాక గందరగోళం ఎక్కువవుతుంది. నీ గొంతు వినపడుతుంది, నువ్వు కనపడతావు, ఫోన్ పెట్టగానే మాయమవుతావు. చాలామంది అమ్మలు ఆ తర్వాత కొడుకు వచ్చాడని వీధిలోకి పోతారు, లేదా అన్నం పెట్టాలని పొయ్యి దగ్గరికి పోతారు. పన్నెండింటి దాకా వాళ్ల వెంట తిరిగేది వదినే. మీ ఇంట్లో అట్లా అవుతోందేమో ఆమెనే అడుగు.

కాల్ పొద్దున పెట్టు, అమ్మ తేటగా ఉన్న సమయంలో, పది నిమిషాలు. ఆమె చిన్నప్పుడు నేర్చుకున్న పాట ఒకటి పాడు, నిన్నటి సంగతులు మరిచిపోయినవాళ్లకు కూడా పాత పాటలు గుర్తుంటాయి, ఆమె నీతో గొంతు కలుపుతుంది. ప్రభువు నేర్పిన ప్రార్థన కలిసి చెప్పండి. "గుర్తుందా అమ్మా" అని పరీక్ష పెట్టకు. ఫోన్ వదిన చేతికిచ్చాక అమ్మ గురించి కాకుండా వదిన ఎట్లా ఉందో అడుగు, ఆమె చెప్పింది విని, ఆమె కోసం ప్రార్థన చెయ్యి, ఆమె వింటుండగా. ఇంటి తలుపుకు పైన గొళ్లెం పెట్టించమని, అమ్మ మెడలోనో చేతికో మీ అన్న నంబరు రాసిన బిళ్ల ఒకటి వేయమని చెప్పు, దానికి డబ్బు నువ్వే పంపు.

మార్కు 7:9 నుంచి 13 వరకు చదువు. దేవునికి అర్పించానని చెప్పి అమ్మానాన్నలకు చేయాల్సింది చేయనివాళ్లను ప్రభువు చాలా గట్టిగా మందలించాడు. నువ్వు అట్లాంటివాడివని నేను అనడం లేదు, డబ్బు పంపుతున్నావు. అయినా డబ్బు రాత్రిపూట లేవదు. సంవత్సరానికి ఒక్కసారైనా పది రోజులు వచ్చి, చుట్టంలా కాకుండా, అమ్మ స్నానం, తిండి, రాత్రి కాపలా మొత్తం నువ్వే చూసుకో, ఆ పది రోజులు వదినను పుట్టింటికి పంపించు. సంక్రాంతికి కుదిరింది కదా అని నీకు వీలైన రోజులు పెట్టకు, వాళ్లింట్లో పెళ్లో, వాళ్లమ్మకు బాగాలేకనో, ఆమెకు అవసరమైన రోజులు ఉంటాయి. అవి ఏ రోజులో ముందు ఆమెను అడిగి, తర్వాత మీ కాంట్రాక్టర్‌తో మాట్లాడి, టికెట్ తీయి.